మా అవ్వ కూడా లేచొస్తుందా?

ఈస్టర్ దగ్గరపడితే మా చాగలమర్రి సండే స్కూల్లో చిన్నపిల్లలకు పునరుత్థానం పాఠం నేనే చెబుతాను. ‘టీచరమ్మా, మా అవ్వ కూడా మూడోరోజు లేచొస్తుందా?’ అని ఒక పాప అడిగింది. ‘నిద్రపోతోందమ్మా’ అంటే పిల్లలు పడుకోవడానికే భయపడతారు. ‘వస్తుందిలే’ అంటే గుమ్మం వైపే చూస్తారు. అందుకే, ‘అవ్వ చనిపోయింది, ఇంటికి రాదు. అంత్యదినాన దేవుడు లేపుతాడని మన నమ్మకం’ అని చెప్పాను.

మొదటి కొరింథీయులకు 15వ అధ్యాయంలో పౌలు విత్తనం పోలిక చెప్పాడు. పిల్లలచేత శనగగింజలు నాటించాను. పాతిన గింజ, మొలిచిన మొక్క ఒక్కలాగే ఉండవు కదా!

మగ్దలేనే మరియ సమాధి దగ్గర ఏడ్చిందని యోహాను సువార్తలో ఉంది. ఏడవడం నమ్మకం లేకపోవడం కాదు. ఇంట్లో పెద్దవాళ్లు పోయినప్పుడు మీరూ పిల్లల్ని ఏడవనివ్వండి. నిజాన్ని నిజంగా, నమ్మకాన్ని నమ్మకంగా చెప్పండి.