కొత్త రాక్ బ్యాండు తొలి కచేరీకి ముందు



మన చంద్రపూర్‌లో గానీ, బల్లార్‌పూర్, రాజురా వైపు గానీ వినాయక చవితి పందిరి ముందు ఒక్క రాత్రయినా ఆర్కెస్ట్రా లేకపోతే పండగ పండగలా ఉండదు. మరాఠీ పాట ఒకటి, హిందీ పాట ఒకటి, చివర్లో మనవాళ్ళ కోసం తెలుగు పాట ఒకటి. బొగ్గుగనుల్లో పని కోసం వచ్చి స్థిరపడిన మన కుటుంబాల్లో మూడో తరం పిల్లలు ఆ పాటలు వింటూనే పెరిగారు. ఇప్పుడు వాళ్ళలో కొందరికి వేరే కోరిక పుట్టింది. మా కాలనీలోనే నలుగురు అబ్బాయిలు, ఒక అమ్మాయి కలిసి రాక్ బ్యాండు పెట్టుకున్నారు. పందిరి కమిటీవాళ్ళు వాళ్ళకు ఒక సాయంత్రం ముప్పావుగంట ఇచ్చారు. ఆ పిల్లలు నా దగ్గరికి వచ్చి, "మామా, మీరు పదేళ్ళు ఆర్కెస్ట్రాలో వాయించారు కదా, ఏమేం చూసుకోవాలో చెప్పండి" అన్నారు. వాళ్ళకు చెప్పిన మాటలే ఈ రోజు మీకూ చెబుతాను. మీ ఇంట్లోనూ గిటారు పట్టుకున్న పిల్లలు ఉండవచ్చు.

ముందు, రాక్ అంటే ఏమిటో రెండు మాటల్లో. 1950లలో అమెరికాలో మొదలైంది. అక్కడి నల్లజాతి కూలీలు, రైతుకూలీలు పాడుకున్న బ్లూస్ పాటల నుంచి పుట్టింది. కరెంటు గిటారు, బేస్ గిటారు, డ్రమ్ములు, గొంతు, ఈ నాలుగూ ఉంటే చాలు. మన దేశంలోనూ దీనికి చరిత్ర ఉంది. బొంబాయిలో 1984లో మొదలైన రాక్ మెషీన్ అనే బృందం తరవాత ఇండస్ క్రీడ్‌గా పేరు మార్చుకుంది. అదే నగరంలో 1986లో ఇండిపెండెన్స్ రాక్ అనే ఉత్సవం మొదలై, కొత్త బృందాలకు పెద్ద వేదిక అయింది. ఢిల్లీలోని ఇండియన్ ఓషన్ వంటి బృందాలు మన రాగాలనూ జానపదాలనూ ఇందులో కలిపాయి. కాబట్టి ఇది మనది కాదనుకోనక్కరలేదు.

ఇక అభ్యాసం సంగతి. మా పిల్లల మొదటి తగవు సంగీతం దగ్గర కాదు, నిద్ర దగ్గర వచ్చింది. బేస్ గిటారు వాయించే అబ్బాయి వాళ్ళ నాన్న గనిలో రాత్రి షిఫ్టు చేసి పొద్దున్నే వచ్చి పడుకుంటాడు. వీళ్ళేమో ఆదివారం పదింటికి డ్రమ్ములు మొదలుపెట్టారు. ఆయన లేచి వచ్చి, "మీ పాట మీకు ముద్దే, నా కన్ను మూతపడొద్దా?" అని తీగ పీకేశాడు. గని కాలనీలో ఏ వేళప్పుడైనా ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు. నేను చెప్పిందేమంటే, ముందు వీధిలో ఏ ఇంట్లో ఎవరిది ఏ షిఫ్టో కాగితం మీద రాసుకోండి, సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకే వాయించండి, మిగతా వేళల్లో డ్రమ్ములకు బదులు దిండ్ల మీద కర్రలతో సాధన చేయండి. దిండు కర్రను తిప్పి కొట్టదు కాబట్టి మణికట్టుకు బలం వస్తుంది. గిటారువాళ్ళు ఆంప్లిఫయర్ పెట్టకుండానే వేళ్ళు సాధించుకోవచ్చు. ఈ ఏర్పాటు అయ్యాక ఆ నాన్న మెత్తబడ్డాడు.

అభ్యాసంలో కొత్త బృందాలు చేసే తప్పు ఒకటుంది. కష్టమైన పాటను ఇరవైసార్లు వాయిస్తారు గానీ, మొత్తం కార్యక్రమాన్ని వరసగా ఒక్కసారి కూడా వాయించరు. ఒక పాటకు నాలుగు నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం అనుకుంటే ఎనిమిది పాటలకు నలభై నిమిషాలు. ముప్పావుగంటకు అది చాలు, అయిదు నిమిషాలు చేతిలో ఉండాలి. తొమ్మిదో పాట పెట్టుకుంటే ఏదో ఒకటి కోసెయ్యాల్సి వస్తుంది. అందరికీ నోటికి వచ్చిన పాట మొదట పెట్టండి. మొదటి పాటలో చేతులు వణుకుతాయి, మనసు స్టేజీ మీద ఉండదు. కొత్తగా కట్టిన, కాస్త కఠినమైన పాట మూడోదో నాలుగోదో ఉండాలి. మధ్యలో ఎవరు మాట్లాడాలో, ఏం మాట్లాడాలో ముందే తేల్చుకోండి. స్టేజీ మీద నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడితే ఆ పది సెకన్లు గంటలా ఉంటాయి. ఎవరైనా తప్పు వాయిస్తే ఆగవద్దు. వినేవాళ్ళకు సగం తప్పులు తెలియవు, ఆగితే మాత్రం అందరికీ తెలుస్తుంది.

తెలుగులో రాక్ పాడవచ్చా అని ఆ అమ్మాయి అడిగింది. గాయని ఆమే. నా అభిప్రాయం చెప్పాను. మన మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి, అందుకే గొంతు సాగదీయడానికి వీలుంటుంది. ఇంగ్లీషులో హల్లుతో టక్కున తెగే మాట డ్రమ్ము దెబ్బలా పనికొస్తుంది, మనకు ఆ పని ద్విత్వాక్షరాలు చేస్తాయి. తాళం సంగతికొస్తే, రాక్‌లో ఎక్కువగా నాలుగు దెబ్బల నడక. మన ఆదితాళానికి ఎనిమిది, కాబట్టి రెండు ఆవృత్తులు ఇక్కడ ఒకటవుతుంది. కానీ మన డప్పు మీద వినిపించే మూడు మూడు నడక ఆ నాలుగులో బలవంతంగా ఇరికిస్తే పాట కుంటుతుంది. డ్రమ్ములవాడే దాన్ని ఆరుగా లెక్కపెట్టి వాయించాలి. మా పిల్లలు డప్పు కొట్టే ఒక పెద్దాయన దగ్గర కూర్చుని రెండు సాయంత్రాలు ఆ నడక నేర్చుకున్నారు. నాకైతే వాళ్ళ పాటల్లో అదే బాగా నచ్చింది.

డప్పు అనగానే శ్రుతి సంగతి గుర్తొచ్చింది. వానాకాలంలో తోలు తేమ పీల్చి సడలిపోతే మనం మంట దగ్గర కాచి బిగిస్తాం కదా. ఉక్కు తీగ దానికి విరుద్ధం. వేడికి సాగి, బిగువు తగ్గి, శ్రుతి దిగిపోతుంది. చంద్రపూర్ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా! ఎండలో నిలిపిన బండిలో గిటారు పెట్టి తెచ్చి, తిన్నగా స్టేజీ ఎక్కితే ఆరు తీగలూ ఆరు దారులు పడతాయి. అరగంట ముందే స్టేజీ దగ్గరికి తెచ్చి, అక్కడి గాలికి అలవాటు కానిచ్చి, అప్పుడు శ్రుతి చేయాలి. కొత్త తీగలు కచేరీ రోజున కట్టవద్దు. రెండు మూడు రోజుల ముందే కడితే సాగవలసినంత సాగి నిలకడగా ఉంటాయి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాటకొస్తాను. ఇది కాస్త నిదానంగా వినండి. కరెంటు.

1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీ నగరంలో స్టోన్ ది క్రోస్ అనే బృందం వాయిస్తోంది. అది కూడా మనలాగే బొగ్గుగనుల ప్రాంతం. వాళ్ళ గిటారు కళాకారుడు లెస్ హార్వే మైకు పట్టుకున్నాడు. మైకుకు సరైన ఎర్తింగ్ లేదు. స్టేజీ మీదే షాక్ కొట్టి ప్రాణం పోయింది. 1965లో అమెరికాలో రోలింగ్ స్టోన్స్ బృందంలోని కీత్ రిచర్డ్స్‌కు కూడా గిటారు మైకు స్టాండుకు తగిలి షాక్ కొట్టింది, అతను స్పృహ తప్పి పడిపోయి బతికి బయటపడ్డాడు. నాకూ ఒకసారి ఒక పందిట్లో పెదవి మైకుకు తగిలి మంట పుట్టినట్టయింది. వానజల్లు పడి స్టేజీ చెక్కలు తడిగా ఉన్నాయి. ఆ రోజు నా చెప్పులు రబ్బరువి కావడం నా అదృష్టం.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, గిటారు తీగలు ఆంప్లిఫయర్ ఎర్తుకు కలిసి ఉంటాయి. మైకు ఇనుప జాలీ మిక్సర్ ఎర్తుకు కలిసి ఉంటుంది. రెండూ ఒకే మంచి ఎర్తుకు చేరితే ప్రమాదం లేదు. ఒకదానికి ఎర్తు తెగి, లోపల కరెంటు పెట్టెకు లీకవుతుంటే, చేత్తో తీగలు పట్టుకుని పెదవితో మైకును తాకిన మనిషే ఆ రెండిటి మధ్య తీగ అవుతాడు. మన పందిళ్ళలో ఎన్నిసార్లు చూడలేదు! పిన్ను లేని వైరును సాకెట్లో దూర్చి అగ్గిపుల్ల గుచ్చి నిలబెడతారు. హమ్మని శబ్దం వస్తుందని మూడో పిన్ను, అంటే ఎర్తు పిన్ను, విరిచేస్తారు. హమ్ము పోతుంది, మనిషి పోయే దారీ తెరుచుకుంటుంది.

కాబట్టి మైక్‌సెట్ అతన్ని మొహమాటం లేకుండా అడగండి. ఆంప్లిఫయర్లు, మిక్సర్ అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోవాలి. ఆ బోర్డుకు నిజంగా భూమిలో దిగిన ఎర్తింగ్ ఉండాలి. జనరేటర్ అయినా అంతే. లీకేజీ రాగానే ఆపేసే ముప్పై మిల్లీ ఆంపియర్ల బ్రేకర్ ఒకటి పెట్టించండి. అన్నీ ఆన్ చేశాక, ఎవరూ ముట్టకముందు, మల్టీమీటర్ ఏసీ వోల్టుల మీద పెట్టి ఒక ముల్లు గిటారు తీగకు, ఇంకొకటి మైకు జాలీకి తాకించి చూడమనండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. పదో, యాభయ్యో, నూరో చూపిస్తే ఆ రోజు ఎంత జనం వచ్చినా సరే, తప్పు దొరికేదాకా ఎవరూ ముట్టవద్దు. మైకుకు స్పాంజి తొడుగు వేస్తే పెదవి తగలకుండా ఉంటుంది, కానీ అది ఎర్తింగ్‌కు బదులు కాదు. వర్షం స్టేజీ మీదికి కొడితే కార్యక్రమం ఆపాలి. వినాయక చవితి వచ్చేదే వానాకాలంలో కదా.

చెవుల గురించి కూడా ఒక మాట. 85 డెసిబెల్స్ చప్పుడును రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని ఒక లెక్క. చప్పుడు మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ వ్యవధి సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు. అలా 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంటే మిగులుతుంది. చిన్న గదిలో డ్రమ్ములు, రెండు ఆంప్లిఫయర్లు పెట్టుకుంటే 100 చేరడం కష్టం కాదు. అభ్యాసం అయ్యాక చెవిలో గుయ్యిమని రాత్రంతా మోగితే అది హెచ్చరిక. ది హూ బృందంలోని పీట్ టౌన్‌సెండ్ తన వినికిడి దెబ్బతిన్న సంగతి బాహాటంగానే చెప్పాడు. దూది పెట్టుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు, మందుల షాపులో దొరికే స్పాంజి ఇయర్‌ప్లగ్గులు కొనుక్కోండి. గనిలో హెల్మెట్ పెట్టుకోకుండా దిగని నాన్నలు దీన్ని పిల్లలకు సులభంగానే నచ్చజెప్పగలరు.

మైకు కీచుమనడం గురించి కూడా పిల్లలు అడిగారు. స్పీకరు నుంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులో పడి, పెద్దదై స్పీకరుకు వెళ్ళి, తిరిగి వచ్చి, ఇలా చుట్లు తిరగడమే అది. స్పీకర్లను పాడేవాళ్ళకన్నా ముందు, జనం వైపు తిప్పి పెట్టాలి. గాయని మైకును నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకుంటే తక్కువ పెంచినా సరిపోతుంది. మైకు తలను అరచేత్తో మూసి పాడటం సినిమాల్లో బాగుంటుంది గానీ, కీచు దానివల్లే పెరుగుతుంది. ముందురోజు కాకపోయినా, ఆ రోజు నాలుగింటికైనా అందరూ ఒకసారి మొత్తం వాయించి చూడాలి. డ్రమ్ములు మొదట, తరవాత బేస్, తరవాత గిటార్లు, చివరికి గొంతు. గొంతు వినబడకపోతే దాన్ని పెంచకుండా మిగతావి తగ్గించండి. కుర్రాళ్ళకు ఇదొక్కటే మింగుడు పడదు.

అనుమతుల సంగతి తొందరగా చెబుతాను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం మైకు పెట్టడానికి అధికారుల లిఖిత అనుమతి కావాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగంగా మైకు కూడదు. పండగల కోసం ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, ఆ రోజుల్లో మీ రోజు ఉందో లేదో పోలీస్ స్టేషన్లో కనుక్కోండి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం వంద మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. బొంబాయిలో ఇండిపెండెన్స్ రాక్ జరిగిన రంగ్‌భవన్ కూడా ఈ నిశ్శబ్ద మండలం నిబంధనల వల్లే కచేరీలకు దూరమైంది. ఇతరుల పాటలు వాయిస్తున్నట్లయితే కాపీరైట్ విషయంలో నిర్వాహకుల్ని ముందే మాట్లాడమనండి. 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ అనే సంస్థ రచయితలు, స్వరకర్తల తరఫున ఈ లైసెన్సులు ఇస్తుంది.

ఇంకో చిన్న సంచి సంగతి. అందులో రెండు జతల డ్రమ్ము కర్రలు, ఒక జత గిటారు తీగలు, రెండు జాక్ కేబుళ్ళు, తొమ్మిది వోల్టుల బ్యాటరీలు, నల్లటేపు, టార్చిలైటు, పాటల వరస రాసిన కాగితాలు అయిదు పెట్టుకోండి. కాగితం పెద్ద అక్షరాలతో రాయండి, స్టేజీ మీద వెలుతురు మీరనుకున్నట్లు ఉండదు. ఆ సంచి ఎవరు తేవాలో పేరు పెట్టి చెప్పండి. "మనలో ఎవరో ఒకరు తెస్తారులే" అనుకున్న సంచి ఎప్పుడూ ఇంట్లోనే ఉండిపోతుంది.

మా పిల్లల కచేరీ రోజున నేను మూడున్నరకే వెళ్ళాను. మైక్‌సెట్ అతను మొదట నవ్వాడు గానీ, మీటర్ తెచ్చాడు. గిటారుకూ మైకుకూ మధ్య నలభై వోల్టులు చూపించింది. అతని ముఖం మారిపోయింది. ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఎర్తు తీగ ఊడి ఉంది. పావుగంటలో బిగించి, మళ్ళీ మీటర్ పెడితే సున్నా. అప్పుడు ఆ అమ్మాయి మైకు పట్టుకుని, ఇంకా ఖాళీగా ఉన్న కుర్చీల వైపు చూసి, "ఒకటి, రెండు, మూడు" అంది. రాత్రి షిఫ్టుకు వెళ్ళవలసిన బేస్ అబ్బాయి వాళ్ళ నాన్న ఆ రోజు షిఫ్టు మార్పించుకుని ముందు వరసలో వచ్చి కూర్చున్నాడు.