గూడు విడువని జెల్ల

జులై మాసము. అమెరికా దేశమున ఓక్లహోమా రాష్ట్రము. పగలంతయు నిప్పులు చెరిగిన సూర్యుడు జలాశయపు ఆవలి గట్టున క్రుంకుచున్నాడు. ఈతకు వచ్చిన పిల్లలు ఇండ్లకు మరలిరి. అప్పుడొక చిన్న పడవ ఒడ్డు వదలును. అందు ఇద్దరు మనుష్యులు, లావుపాటి గడలు నాలుగు, ఒక బాల్చీలో ప్రాణముతో ఈదులాడు చిరుచేపలు. వారు తెల్లవారువరకు నీటిమీదనే ఉందురు. రెండు మారులు గడ వంగినచో ఆ రాత్రి మంచిదనుకొందురు. వారు వెదకునది ఫ్లాట్‌హెడ్ క్యాట్‌ఫిష్ అను చేపను. తెలుగున దానిని చదునుతల జెల్ల యనవచ్చును.

మన వాలుగవలెనే దీనికిని పొలుసు లేదు. మూతిచుట్టు ఎనిమిది మీసములుండును. తల రోకటితో మోదినట్లు చదునై, క్రింది దవడ పై దవడకంటె ముందునకు పొడుచుకొని వచ్చును. పసుపు, గోధుమ వన్నెల మచ్చలు గల ఒడలు బురదలో కలిసిపోవును. మిసిసిపీ మహానదియు, దాని ఉపనదులును ఈ జాతికి ముఖ్యమైన పుట్టినిండ్లు. రఫినెస్క్ అను శాస్త్రజ్ఞుడు 1818లో దీనిని తొలుత శాస్త్రీయముగ వర్ణించెను. 1998 మే మాసమున కాన్సాస్ రాష్ట్రపు ఎల్క్ సిటీ జలాశయమున దొరికిన చేప 123 పౌనులు, అనగా సుమారు 56 కిలోగ్రాములు తూగినది. అది ఒక మనిషి బరువు! చిన్నచేపలకై వేసిన గాలమునకే అది తగుల్కొనుట విశేషము.

ఇంత పెద్ద చేప వేసవిలో ఎచ్చట నుండునో కనుగొనుటకు నీటి స్వభావము తెలియవలెను. ఎండకు పైనీరు వేడెక్కి తేలికయగును; అడుగునీరు చల్లగా, బరువుగా నుండును. లోతైన జలాశయములందు గాలి వీచినను ఈ రెండు పొరలు సులభముగ కలియవు. అడుగున పడిన ఆకులు, అలములు క్రుళ్లుచు అచ్చటి ప్రాణవాయువును హరించును. పైగాలి సోకనందున అది మరల చేరదు. చల్లగా నున్నదని చేప ఆ లోతున నిలిచినచో ఊపిరాడక చచ్చును. కావున చదునుతల జెల్ల పగటివేళ ఆ పొరల సంధికి పైననే, ఆనకట్ట కట్టినపుడు మునిగిన చెట్ల మోడుల నడుమ, పాత యేటి అంచులందు కదలక పడియుండును. చీకటి పడగానే మేతకై మెరకకు వచ్చును. వేటగాని పడవ సాయంకాలము బయలుదేరుట అందులకే.

ఇతర జాతుల జెల్లలు కుళ్లిన మాంసపు వాసనకును వచ్చును. ఇది అట్లుగాదు, పెరిగిన పిదప ప్రాణమున్న చేపనే మిక్కిలిగ కోరును. అందుచే వేటగాడు చిరుచేపను చావకుండునట్లు గాలమునకు గ్రుచ్చి, సీసపు గుండు కట్టి అడుగున దించును. ఆ చేప కొట్టుకొనుటవలన నీట పుట్టు కదలికయే జెల్లకు పిలుపు. గడ కొన ఒకమారు అదరి ఊరకుండును. అప్పుడు తొందరపడి లాగినవాడు చేపను పోగొట్టుకొనును. చిక్కిన చేప మోడుల సందున దూరి దారము త్రెంచుకొన జూచును. ఓర్పు, బలము రెండును గలవానికే అది దక్కును.

గాలము, ఎర లేని వేట వేరొకటి కలదు. అది తెలియుటకు ఈ చేప సంసారమును ఎరుగవలెను.

వేసవి తొలిదినములలో నీటి వేడిమి సుమారు 24 డిగ్రీలకు చేరగానే మగచేప గట్టు క్రింది బొరియనో, మునిగిన మ్రాని తొఱ్ఱనో ఎన్నుకొని, బురద ఊడ్చి గూడు సిద్ధపరచును. ఆడుచేప అందు పసుపుపచ్చని ముద్దగా గ్రుడ్లు పెట్టును. పెద్ద చేపయైనచో అవి లక్ష వరకు ఉండవచ్చును. ఆ పిమ్మట మగచేప ఆడుదానిని తరిమివేయును. అచ్చటినుండి భారమంతయు తండ్రిదే. రేయింబవళ్లు వాజములతో విసరుచు గ్రుడ్లకు ప్రాణవాయువు నందించును. దాదాపు వారమునకు పిల్లలు వెలువడి, మరికొన్ని దినములు గుంపుగా తండ్రి కాపుననే యుండును.

నూడ్లింగ్ అను వేట జరుగునది ఈ కాలముననే. మనిషి నీట దిగి బొరియలోనికి వట్టిచేయి చొప్పించును. శత్రువు వచ్చెనని తలచి తండ్రిచేప ఆ చేతిని కరచును. ఆకురాతివంటి సన్నని పండ్లు చర్మమును గీరివేయును. మనిషి ఆ నోటనున్న చేతితోనే దవడను బిగించి పట్టి, చేపను పైకి లాగును. బొరియలో తాబేలో, పామో ఉండవచ్చును; నీట మునిగి చచ్చినవారును కలరు. అమెరికా ఆదివాసులు ఇట్లు చేపలు పట్టుటను జేమ్స్ అడేర్ అను వర్తకుడు 1775లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. ఓక్లహోమాలోని పాల్స్ వ్యాలీ పట్టణమున 2000 సంవత్సరమున ఈ వేటకు పోటీలు మొదలయ్యెను.

ఇందు సాహసము కలదు, సందేహము లేదు. కాని రాత్రి గాలమునకు చిక్కిన చేప ఆకలివలన చిక్కినది. బొరియలోని చేప గూడు విడువనందున చిక్కినది. తండ్రి లేని గూటిలో గ్రుడ్లు బూజుపట్టియో, ఇతర చేపల పాలైయో నశించును. మిస్సోరీ రాష్ట్రము 2005లో ఈ వేటను ప్రయోగముగ అనుమతించి, 2007లో నిలిపివేసెను. టెక్సాస్ రాష్ట్రము 2011లో దానిని చట్టసమ్మతము చేసెను. ఇట్లు పట్టువారు కొద్దిమందియేయని, గాలములకు పోవు చేపలే ఎక్కువయని సమర్థించువారి వాదము.

తావు మారినచో ధర్మమును మారును. జార్జియా రాష్ట్రపు ఆల్టమహా నది దీని పుట్టినిల్లు కాదు. 1970 దశకమున మనుష్యులు తెచ్చి విడువగా, ఇది అచ్చటి ఎఱ్ఱరొమ్ము సన్‌ఫిష్‌ను తిని మిగుల తగ్గించెను. అట్టి చోట దీనిని పట్టి తొలగించుటయే నదికి మేలు. పుట్టినింట కాపాడదగినది పొరుగింట చీడయైనది.

ఈ ప్రశ్న మన తీరములకును క్రొత్తది కాదు. మన సముద్రపు జెల్లలలో మగచేప గ్రుడ్లను నోట నుంచుకొని, పిల్లలు బయటపడువరకు ఉపవాసమున్నట్లే మోయును. 1980 దశకమున కర్ణాటక తీరమున పెద్ద చుట్టువలలు అట్టి తండ్రిచేపలను గుంపులుగ పట్టెను. నోళ్లనుండి రాలిన గ్రుడ్లు పడవలలో వ్యర్థమయ్యెను. పిదప అచ్చట జెల్లలు క్షీణించుటకు ఇది ముఖ్యకారణమని మత్స్యశాస్త్రజ్ఞులు తెలిపిరి. ఆంధ్రతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటను ప్రభుత్వము నిషేధించుచున్నది. ఆ రెండు మాసములు జాలరి ఇంట కష్టకాలమే. ఐనను ఆ విరామము వచ్చే యేటి చేపలకొరకు.

ఓక్లహోమాలోని పడవ తెల్లవారి ఒడ్డు చేరును. రాత్రియంతయు వేచినవాడు వట్టిచేతులతో వచ్చినను మరునాడు మరల పోవును. గట్టు క్రింది బొరియలో తండ్రిచేప ఇంకను గ్రుడ్లకు విసరుచునే యుండును. అది విసరుచున్నంతకాలమే పడవకు పని కలదు.