తుమ్మితే జారే చుక్క

తుమ్మినప్పుడు నాలుగు చుక్కలు జారడం మొదలుకొని, బాత్రూమ్ చేరేలోపే బట్టలు తడిసిపోవడం దాకా, మూత్రం అదుపు తప్పి పోయే ప్రతి స్థితినీ వైద్యులు ఇన్‌కాంటినెన్స్ అంటారు. ఇది విడిగా ఒక జబ్బు కాదు, లోపల వచ్చిన ఏదో మార్పుకు లక్షణం. ఆ మార్పు ఏమిటో తేలితే చాలామందికి నయమవుతుంది, మిగిలినవారికి బాగా అదుపులోకి వస్తుంది. అయినా 'వయసు మీద పడింది, ఇంతే' అనుకుని, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకుండా ఏళ్ల తరబడి భరించేవారు ఎందరో.

మూత్రాశయం ఎలా పనిచేస్తుంది?

మూత్రపిండాలు రోజుకు సుమారు ఒకటి నుంచి రెండు లీటర్ల మూత్రాన్ని తయారుచేస్తాయి. అది పొత్తికడుపులోని మూత్రాశయంలో చేరుతుంది. పెద్దవారిలో ఈ సంచి 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. 150, 200 మిల్లీలీటర్లు చేరేసరికే వెళ్లాలన్న తొలి కబురు మెదడుకు అందుతుంది. సంచి గోడ అంతా కండరమే. నిండుతున్నంతసేపూ అది వదులుగా సాగాలి, మూతి దగ్గరి కండరాల వలయాలు బిగిసి ఉండాలి. వీటన్నిటినీ కింది నుంచి ఊయల గుడ్డలా మోసేవి కటి కండరాలు. మూత్రానికి కూర్చున్నప్పుడు వలయాలు వదులై, సంచి గోడ ముడుచుకుంటుంది. ఈ వరుసలో తేడా ఎక్కడ వచ్చిందన్న దాన్ని బట్టే సమస్య ఏ రకమో తెలుస్తుంది.

ఎన్ని రకాలు?

మొదటిది ఒత్తిడి రకం. ఇక్కడ ఒత్తిడి అంటే మనసుది కాదు, పొట్ట లోపలిది. దగ్గినా, గట్టిగా నవ్వినా, నీళ్ల బిందె ఎత్తి చంకన పెట్టుకున్నా పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది. కింది కండరాలు బలహీనపడి ఉంటే ఆ క్షణంలో కాస్త మూత్రం జారిపోతుంది. కాన్పులు, నెలసరి ఆగిపోవడం, అధిక బరువు, ఎప్పుడూ ఉండే దగ్గు, మలబద్ధకం దీనికి ముఖ్య కారణాలు. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపాయి. ఈ ఆపరేషన్ జరిగిన కొందరిలో కొన్నేళ్ల తర్వాత ఈ సమస్య వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఆ సంగతి వైద్యులకు తప్పక చెప్పాలి. మగవారిలో ప్రొస్టేట్ తొలగించే ఆపరేషన్ తర్వాత ఇది కనిపిస్తుంది.

రెండోది ఆత్రం రకం. బయటి నుంచి వచ్చి గుమ్మం దగ్గర తాళం తీస్తుండగానే ఇక ఒక్క నిమిషం కూడా ఆగలేనంత తొందర పుడుతుంది. సంచి నిండకుండానే దాని గోడ ముడుచుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, పక్షవాతం, పార్కిన్సన్స్ దీనికి దారితీయవచ్చు. చాలామందిలో ప్రత్యేకమైన కారణమేదీ దొరకదు. ఒత్తిడి, ఆత్రం రెండూ కలిసి ఉండటమూ మామూలే.

మూడోది పొర్లిపోయే రకం. ప్రొస్టేట్ ఉబ్బి దారి ఇరుకైనా, ఏళ్ల తరబడి మధుమేహంతో నరాలు మొద్దుబారినా సంచి పూర్తిగా ఖాళీ కాదు. నిండిన కుండ పొర్లినట్టు చుక్కలు చుక్కలుగా పోతూనే ఉంటుంది. నాలుగో రకంలో మూత్రాశయం బాగానే ఉంటుంది, మనిషే సమయానికి చేరలేడు. కీళ్లనొప్పులతో మంచం దిగడం ఆలస్యమవుతుంది, వణికే వేళ్లతో పైజమా బొందు ముడి విప్పడం కుదరదు. ఇవి కాక, కష్టమైన కాన్పు తర్వాతో గర్భసంచి ఆపరేషన్ తర్వాతో పగలూ రాత్రీ ఆగకుండా మూత్రం కారుతుంటే మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడిందేమో చూడాలి. దాన్ని ఆపరేషన్‌తో మూసివేయవచ్చు.

మూడు రోజుల చిట్టా

వైద్యుల దగ్గరకు వెళ్లేముందు మూడు రోజులు రాసుకున్న చిట్టా పరీక్షలంత పనికొస్తుంది. ఏ వేళ ఎంత తాగారు, ఎంత మూత్రం వచ్చింది, ఎప్పుడు ఆగలేదు అన్నవి ఒక నోటుపుస్తకంలో రాస్తే చాలు. కొలతకు గీతలున్న ప్లాస్టిక్ మగ్గు సరిపోతుంది. ఒక పేజీ ఇలా ఉండవచ్చు: 'ఉదయం 6:30 కాఫీ. 7:10కి 110 మి.లీ. 7:45 మళ్లీ కాఫీ. 8:15కి 90 మి.లీ., దారిలోనే కొంచెం తడిసింది. 11:30కి 280 మి.లీ.' సంచికి పట్టే శక్తి ఉందనీ, తొందరంతా కాఫీ తాగిన వేళల్లోనే ఉందనీ ఈ నాలుగు ముక్కలే చెబుతాయి. దీనికి తోడు మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష, మూత్రం పోసిన తర్వాత లోపల ఎంత మిగిలిందో చూసే స్కానింగ్ చేస్తారు. వాడుతున్న మందుల జాబితా కూడా తీసుకెళ్లాలి. బీపీకి వాడే కొన్ని మాత్రలు మూత్రాన్ని పెంచుతాయి, కొన్ని జలుబు మాత్రలు బిగబడేలా చేస్తాయి.

మూత్రంలో రక్తం కనిపించినా, జ్వరంతో మంట ఉన్నా ఆలస్యం చేయకూడదు. మూత్రం పూర్తిగా బిగబడిపోయినా, ఉన్నట్టుండి కాళ్లలో బలం తగ్గి తొడల మధ్య స్పర్శ పోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లో చేయదగినవి

చాలామంది మొదట చేసే పని నీళ్లు తగ్గించడం. దానివల్ల మూత్రం చిక్కబడి సంచిని మరింత రేపుతుంది, మలబద్ధకం పెరుగుతుంది. గుండె, కిడ్నీ జబ్బులవారికి వైద్యులు వేరే లెక్క చెప్పకపోతే రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల ద్రవాలు అవసరం. ఎండాకాలంలో ఇంకాస్త ఎక్కువ కావాలి. తగ్గించాల్సింది టీ, కాఫీ, కూల్‌డ్రింకులు. రాత్రిపూట లేవాల్సి వస్తుంటే నిద్రకు రెండు గంటల ముందు నుంచి తాగేవి తగ్గించాలి. బరువు తగ్గడమూ మందు లాంటిదే. 2009లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, శరీర బరువులో సగటున 8 శాతం తగ్గిన మహిళలకు మూత్రం జారే సందర్భాలు దాదాపు సగానికి పడిపోయాయి.

కటి కండరాల వ్యాయామాన్ని అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చారు. గ్యాస్ బయటికి పోకుండా బిగబట్టినట్టు కింది కండరాలను లోపలికి, పైకి లాగాలి. కొన్ని సెకన్లు పట్టి ఉంచి, మళ్లీ అంతే సేపు వదులు చేయాలి. ఇలా ఎనిమిదిసార్లు చేస్తే ఒక విడత, రోజుకు మూడు విడతలు కావాలి. ఊపిరి బిగబట్టకూడదు, పొట్ట, పిరుదులు, తొడలు బిగించకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేస్తే సంచి సరిగా ఖాళీ కాదు. ఫలితం కోసం కనీసం మూడు నెలలు పట్టుదలగా చేయాలి. తుమ్ము వస్తున్నట్టు అనిపించగానే ఈ కండరాలను బిగించడం అలవాటైతే ఆ చుక్క జారదు.

ఆత్రం రకానికి మూత్రాశయ శిక్షణ ఉంది. గంటకోసారి వెళ్లేవారు కొన్నాళ్లు గంటంపావుకు, తర్వాత గంటన్నరకు పొడిగిస్తూ వెళ్లాలి. తొందర పుట్టినప్పుడు పరుగెత్తకుండా కూర్చుని, కండరాలను నాలుగైదుసార్లు బిగించి, ఆ ఉధృతి తగ్గాక నడవాలి. దీన్ని కనీసం ఆరు వారాలు సాధన చేయాలి.

మందులు, ఆపరేషన్లు

సాధనతో తగ్గని ఆత్రానికి సోలిఫెనాసిన్, మిరాబెగ్రాన్ వంటి మాత్రలు ఇస్తారు. మొదటి రకం మాత్రలతో నోరు ఎండిపోవడం, మలబద్ధకం, పెద్దవయసువారిలో మతిమరుపు వంటివి రావచ్చు. మిరాబెగ్రాన్ వాడేవారు బీపీ చూపించుకుంటూ ఉండాలి. మాత్రలు పనిచేయకపోతే మూత్రాశయ గోడలోకి బొటాక్స్ ఇంజెక్షన్ ఇస్తారు. ఒత్తిడి రకానికి మూత్రమార్గం కింద ఆధారంగా పట్టీ అమర్చే ఆపరేషన్ ఉంది. సింథటిక్ పట్టీతో కొందరికి నొప్పి, ఒరుసుకుపోవడం వంటి ఇబ్బందులు వచ్చాయి కాబట్టి లాభనష్టాలు ముందే అడిగి తెలుసుకోవాలి. గర్భసంచి జారినవారికి యోనిలో పెసరీ అనే రింగు అమర్చవచ్చు. ప్రొస్టేట్ అడ్డం వల్ల వచ్చే సమస్యకు మందులూ ఆపరేషన్లూ ఉన్నాయి.

మంచం మీద ఉన్నవారి సంరక్షణ

ప్యాడ్లు, డైపర్లు వాడేటప్పుడు తడిసిన వెంటనే మార్చాలి. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది, జింక్ ఉన్న క్రీము పలుచగా రాస్తే చర్మం ఒరుసుకుపోదు. చాకిరీ తప్పుతుందని మూత్రానికి గొట్టం వేయించడం మంచిది కాదు, ఇన్‌ఫెక్షన్ తెస్తుంది. మంచం పక్కన కమోడ్ కుర్చీ, దారిలో రాత్రి దీపం, బొందుకు బదులు ఎలాస్టిక్ ఉన్న బట్టలు చాలా మేలు చేస్తాయి. అడిగేదాకా ఆగకుండా రెండు మూడు గంటలకోసారి పిలిచి కూర్చోబెడితే, మతిమరుపు ఉన్నవారిలో కూడా పక్క తడిసే సందర్భాలు తగ్గుతాయి.