చివ్వెంల నుండి చీతా వరకు

అడవిమృగములను, దూరదేశపు బయళ్ళను ఛాయాచిత్రములలో పట్టి తేవలెనన్న ఉత్సాహము నేడు పల్లెలలోని ఉపాధ్యాయులకును, విద్యార్థులకును కూడ కలుగుచున్నది. ఉచితమే. సూర్యాపేట చెంతనున్న చివ్వెంలలో ఒక ఉపాధ్యాయుడు ఏండ్లతరబడి కూడబెట్టిన సొమ్ముతో కెన్యాకు పోయి చీతాను చూడదలచెననుకొందము. ఆయన మొదట అడుగునది ఏ కెమెరా కొనవలెనని. నా దృష్టిలో అది చివర అడుగదగినది. ఎప్పుడు పోవలెను, అక్కడ ఎందరి నడుమ నిలువవలెను అన్నవే మొదట తేల్చుకొనవలసినవి.

చీతానే ఎందుకు? మన వాడుకలో చిరుత అను పేరు రెండు జంతువులకు చెల్లుచున్నది. చెట్లెక్కి, రాత్రివేళ వేటాడు చిరుతపులి ఒంటిమీద పూలవంటి గుండ్రని మచ్చలుండును. చీతా వేరు. నిండు నల్లచుక్కలు, కంటికొన నుండి నోటివరకు జారిన కన్నీటిచార, పొడవైన కాళ్ళు, పగటివేట దాని గురుతులు. ఇదియు ఒకప్పుడు మన దేశమున తిరిగినదే. 1947లో కొరియా సంస్థానమున మూడింటిని కాల్చిన పిమ్మట దాని జాడ అరుదైపోయెను. 1952లో అంతరించినదని ప్రకటించిరి. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుండి ఎనిమిదింటిని మధ్యప్రదేశములోని కూనో వనమునకు చేర్చిరి. అయినను విశాలమైన పచ్చికబయలు, అందులో లేళ్ళమందలు, వాని వెంట చీతా, ఈ మూడును ఒక్క చిత్రములో ఇముడవలెనన్నచో కెన్యాలోని మసై మారాకు పోవలసినదే.

పోవువారు ఒక చేదు సంగతి తెలిసి పోవలెను. మారా ప్రాంతపు చీతాలను గమనించి 2018లో ప్రకటించిన ఒక పరిశోధన ప్రకారము, యాత్రికుల తాకిడి తక్కువగా ఉన్నచోట తల్లి ఒక్కొక్క ఈతలో తమంత తాము బ్రదుకు ఈడు వరకు పెంచగలిగిన కూనలు సగటున 2.32. తాకిడి మిక్కుటమైన చోట 0.21. అనగా అయిదు ఈతలకు ఒక్క కూన! బండ్లు చుట్టుముట్టగా వేట చెడుట, తల్లి బెదరుట, కూనలు విడిపోవుట కారణములు కావచ్చును. మనము తీయు బొమ్మకు వెల చెల్లించుచున్నది ఎవరో చూడుడు.

కావున కాలనిర్ణయమే ఈ యాత్రకు ప్రాణము. ఎద్దుతలవంటి తల గల వైల్డ్‌బీస్టు అను పెద్దజింకలు జూలై మొదలు అక్టోబరు వరకు లక్షల కొలదిగా టాంజానియాలోని సెరెంగెటి నుండి మారానది దాటి వచ్చును. లోకమెల్ల ఆ దృశ్యమునకై పరుగెత్తును. మన దసరా సెలవులు సరిగా ఆ రద్దీ కాలములోనే పడును. సంక్రాంతి సెలవులు చాలవు. ఏప్రిల్, మే నెలలు అక్కడ పెద్దవానల కాలము. నల్లరేగడి బురదలో బండ్లు దిగబడును. ఇక మిగిలినది బడులు తెరచుటకు ముందు జూన్ మొదటి దినములు. అప్పుడు గడ్డి ఏపుగా పెరిగి జంతువు కానరాదని పెదవి విరచువారున్నారు. నిజమే. కాని చూపానని గడ్డిలో చీతా చెదపుట్ట యెక్కి నాలుగు దిక్కులు పరికించును, వెనుక వానమబ్బులు. దుమ్ముపట్టిన ఆకాశము కంటె నాకు ఈ నేపథ్యమే మేలని తోచును. పైగా 2024 నుండి అమలుచేసిన ప్రవేశరుసుము విదేశీయులకు దినమునకు జూన్ వరకు 100 డాలర్లు, జూలై నుండి 200. పంతులుగారి జేబుకును ఈ కాలమే అనుకూలము!

వెలుగు సంగతి. మారా భూమధ్యరేఖకు కొంచెము దక్షిణమున ఉన్నది. ఏడాది పొడుగునా సూర్యుడు ఉదయము ఆరున్నర ప్రాంతమున పొడిచి, సాయంత్రము ఆరున్నర దాటి క్రుంకును. నిట్టనిలువుగా ఎక్కుటచే మెత్తని లేయెండ గంటసేపు నిలుచుట గగనము. తెల్లవారకముందే బయలుదేరవలెను, మెరకప్రదేశము గనుక ఉన్నికోటు తప్పదు.

అభ్యాసమునకు ఆఫ్రికా అక్కరలేదు. ఉండ్రుగొండ మీద వేకువను నిలిచి, పాత కోటగోడలపై ఎండ ఎంతసేపు మెత్తగా ఉండునో గడియారముతో చూచినచో భూదృశ్యపు పాఠము సగము వచ్చును. చెరువుమీద ఎగురు కొంగను కెమెరాతో విడువక వెంబడించుట మిగిలిన సగము. పరుగెత్తు చీతాకు సెకనులో రెండువేలవ వంతు కాలము చాలును. దూరమునుండి తీయుటకు 400 మిల్లీమీటర్ల కటకము కావలెను. దానిని ఆనించుటకు గుడ్డసంచి ఖాళీగా తీసికొనిపోయి అక్కడ చిక్కుడుగింజలతో నింపుకొనవచ్చును. నైరోబీ నుండి మారాకు పోవు చిన్న విమానములలో సామాను సాధారణముగా 15 కిలోలకు మించరాదు. పచ్చజ్వరపు టీకా పదిదినముల ముందే వేయించుకొనవలెను. బయలుదేరునపుడు విమానాశ్రయపు కస్టమ్సువారి వద్ద కెమెరా వివరములు వ్రాయించి పత్రము పుచ్చుకొన్నచో తిరిగివచ్చునపుడు చిక్కుండదు.

అక్కడ ఒక జంతువు వద్ద అయిదు బండ్లకు మించి నిలుపరాదని నియమము కలదు. అది ఎల్లప్పుడు సాగదు. డ్రైవరును తప్పుపట్టుట తేలిక. కాని ఇంకను దగ్గరకు పొమ్మని తొందరపెట్టువారినే అతడు నిత్యము చూచుచుండును. కావున బండి కుదుర్చుకొను ఉత్తరములోనే స్పష్టముగా వ్రాయవలెను: బండ్లు గుమిగూడిన చోటికి మమ్ము కొనిపోవలదు, కూనలున్న తల్లి కనబడినచో దూరముననే ఇంజను ఆపి వేచియుందము, అది లేచి ఎటు పోయినను వెంట పడవలదు.