డ్రయ్యర్ తిరగకపోతే...

గోదావరి డెల్టాలో ముసురు పట్టిందంటే దండెం మీద బట్టలు రెండు రోజులకు గాని ఆరవు. సరిగ్గా అప్పుడే రెండు తొట్ల వాషింగ్ మెషీన్‌లో డ్రయ్యర్ మొరాయిస్తుంది. గృహిణులు కంగారుపడక ఈ సంగతులు చూసుకోవాలని మనవి చేస్తున్నాము.

ముందు వోల్టేజి తగ్గిందేమో చూడండి. మూత పూర్తిగా పడితేనే లోపలి స్విచ్ కలుస్తుంది. బట్టలు ఒకవైపే పోగుపడితే సమంగా సర్దండి. ప్లగ్ తీసివేసి, బుట్టకూ తొట్టికీ నడుమ చేతిరుమాలో, పిల్లల మేజోడో ఇరుక్కుందేమో చూడండి.

మోటారు మూలుగుతూ తిరగకపోతే కెపాసిటర్ పోయి ఉండవచ్చు. ఉలుకూ పలుకూ లేకపోతే స్విచ్, టైమరు, లేదా ఎలుకలు కొరికిన వైరు కారణం కావచ్చు. ఇవి మెకానిక్ చూడవలసినవి. ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండగలదు, ముట్టుకోవద్దు.

ముఖ్యంగా ఒక్క మాట. మూత స్విచ్ పాడైతే కొందరు వైర్లు కలిపేసి నడుపుకుంటారు. అలా చేస్తే మూత తెరిచినా మోటారు ఆగదు. బట్టల కోసం చేయి పెట్టిన పసివాని గతి ఏమిటి? కొత్త స్విచ్ వేయించండి. తడి నేలపై నడిచే యంత్రం గనుక ఎర్తింగ్ కూడా చూపించండి.

బట్టలు రేపైనా ఆరుతాయి. పోయిన వేలు తిరిగి రాదు.