డిజిటల్ ఛాయాచిత్రముల పుట్టుపూర్వోత్తరములు

తాళపత్ర గ్రంథముల చివర లేఖకుడు నాలుగు వాక్యములు చేర్చుట పూర్వాచారము. ఏ సంవత్సరమున, ఏ మాసమున, ఏ తిథినాడు ఆ ప్రతి ముగిసినదో, ఎవరికొరకు ఎవరు వ్రాసిరో అందు చెప్పబడియుండును. గ్రంథములోని కథతో ఆ వాక్యములకు సంబంధము లేదు. అయినను పరిశోధకుడు ప్రతిని చేతబట్టినంతనే మొదట చూచునది ఆ చివరి ఆకునే. స్టూడియోలలో తీయించుకొన్న పాత ఛాయాచిత్రముల అట్టపై ముద్రించిన స్టూడియో పేరును, వెనుక పెన్సిలుతో వ్రాసిన తేదీయు నట్టివే. నేటి డిజిటల్ ఛాయాచిత్రమునకు ఆకును లేదు, అట్టయు లేదు. కాని దానికిని ఒక లేఖకవాక్యము కలదు. అది కంటికి కనబడక చిత్రపు ఫైలులోపల దాగియుండును. దానినే మెటాడేటా యందురు.

హోసూరు, బళ్లారి, బరంపురము, యానాము మున్నగు తావులలో తరతరములుగా నివసించుచున్న తెలుగువారి చరిత్రకు ఈ విషయముతో పనియున్నది. దేవాలయములలోని శాసనములు, పాఠశాలల నామఫలకములు, ఇంటి దస్తావేజులు, పాత పెండ్లి శుభలేఖలు నేడు హెచ్చుగా ఫోనుతో తీసిన చిత్రముల రూపముననే చేతులు మారుచున్నవి. రాయి అరిగిపోవును. పాత కట్టడము కూలి దాని చోట క్రొత్తది లేచును. అప్పుడు మిగులునది చిత్రమొక్కటే. అది ఎక్కడిది, ఎన్నటిది యని అడిగినపుడు సమాధానము లేనిచో ఆ చిత్రము గోడకు అలంకారమగునే కాని చరిత్రకు ఆధారము కానేరదు.

కెమెరా తానే వ్రాయు సమాచారమునకు ఎక్సిఫ్ అని పేరు. జపాను దేశపు ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘమొకటి 1995లో దీని నియమములను మొదట ప్రకటించినది. చిత్రము జేపెగ్ ఫైలుగా నిలువయగునపుడు, చిత్రభాగమునకు ముందు ఒక చిన్న అర యేర్పడును. దాని పరిమితి 64 కిలోబైట్లు. కెమెరా చేసిన సంస్థ పేరు, నమూనా, కటకము, వెలుగు లోనికి వచ్చిన కాలము, తీసిన తేదీ, వేళ అందు చేరును. ఫోనులో స్థాననిర్దేశమునకు అనుమతి యున్నచో అక్షాంశ రేఖాంశములు గూడ చేరును. కొన్ని కెమెరాలు తమ వరుస సంఖ్యను సైతము వ్రాయును కనుక, వేరువేరు చోట్ల దొరికిన చిత్రములు ఒకే కెమెరానుండి వచ్చినవో కావో తేల్చుటకు వీలగును. ఇది గాక, వార్తాసంస్థల అవసరముకొరకు 1991లో ఏర్పడిన ఐపీటీసీ పద్ధతియు, అడోబీ సంస్థ 2001లో తెచ్చిన ఎక్స్‌ఎంపీ పద్ధతియు నున్నవి. వ్యాఖ్య, ఛాయాగ్రాహకుని పేరు, హక్కుల వివరము వీనిలో ఉండును. ఎక్సిఫ్ ముఖ్యముగా యంత్రము చెప్పు సాక్ష్యము, తక్కిన రెండును ముఖ్యముగా మనుష్యులు చెప్పు సాక్ష్యము.

చదువుట కష్టము కాదు. విండోస్ కంప్యూటరులో ఫైలుపై మౌసు కుడి మీటనొక్కి ప్రాపర్టీస్ అను దానిలో డీటెయిల్స్ చూచిన ముఖ్యాంశములు కనబడును. సమగ్రముగ చూడగోరువారికి ఫిల్ హార్వే అనునతడు 2003లో వెలువరించి, ఉచితముగా అందించుచున్న ఎక్సిఫ్‌టూల్ కలదు.

చిక్కు చదువుటలో లేదు, చదివినదానిని అర్థము చేసికొనుటలో నున్నది. ఎక్సిఫ్‌లో తేదీలు మూడు: చిత్రము తీసిన తేదీ, డిజిటల్ రూపము పొందిన తేదీ, ఫైలును చివర మార్చిన తేదీ. ఫోనుతో తీసిన చిత్రమునకు మొదటి రెండును ఒకటియే. కాని 1962లో తీసిన పాఠశాల బృందచిత్రమును 2019లో స్కాను చేసినచో యంత్రమునకు తెలిసినది 2019 మాత్రమే. ఈ మూడును గాక కంప్యూటరు తన లెక్కకొరకు పెట్టుకొను తేదీ వేరొకటి కలదు. ఫైలును ఒక డిస్కునుండి మరియొక డిస్కునకు నకలు చేసినంతనే అది మారవచ్చును. పలువురు పొరబడునది ఇచ్చటనే.

లేఖకుడు శుభకృన్నామ సంవత్సరమని మాత్రము వ్రాసి శకవర్షము విడిచినచో, అది 1902-03 కావచ్చును, 1962-63 కావచ్చును, 2022-23 సైతము కావచ్చును. ఎక్సిఫ్ వేళకును చాలకాలము ఇట్టి లోపమే యుండెను. గంటలు, నిమిషములు, సెకనులు వ్రాయుటకు చోటున్నను, అది ఏ దేశపు కాలమానమో చెప్పుటకు 2016 వరకు నియమములలో చోటు లేదు. షికాగోనుండి వచ్చిన బంధువు తన కెమెరా గడియారమును మార్చుట మరచి, వేసవిలో ఇచ్చట రాత్రి 7.30కు పెండ్లిపందిరి చిత్రము తీసినచో, అందు ఉదయము 9.00 అని పడును. ఈ లోపమును పట్టుటకు ఉపాయమొకటి కలదు. స్థాననిర్దేశముతోపాటు నమోదగు వేళ ప్రపంచ ప్రామాణిక కాలములోనే యుండును. కెమెరా వేళ 10.42 యై, ఆ వేళ 5.12 అయినచో, భేదము సరిగా 5 గంటల 30 నిమిషములు కనుక గడియారము భారత కాలమును చూపుచుండెనని నిశ్చయింపవచ్చును. కొన్ని సెకనుల తేడాను లెక్కింపనక్కరలేదు. లోపలి బ్యాటరీ చచ్చిన కెమెరా యేదో జనవరి 1వ తేదీ అర్ధరాత్రికి తిరిగిపోవును. అట్టి తేదీ కనబడిన వెంటనే శంకింపవలెను.

స్థలము విషయమున లెక్కలో మెలకువ యవసరము. యానాము సుమారు 16 డిగ్రీల 44 నిమిషముల ఉత్తర అక్షాంశముపై నున్నది. దశాంశపద్ధతిలో అది 16.73 అగునే గాని 16.44 కాదు. ఆ తప్పుతో పటముపై గుర్తు 30 కిలోమీటర్లకు పైగా దక్షిణమునకు జరిగిపోవును. అక్షాంశములో ఒక నిమిషము దాదాపు 1.85 కిలోమీటరు, ఒక సెకను సుమారు 31 మీటర్లు. రాతిమండపములలోపల ఉపగ్రహ సంకేతములు సరిగా అందవు కనుక, అచ్చట తీసిన చిత్రమున స్థలము లేకపోవచ్చును, లేదా ఫోను అంతకుముందు గుర్తించిన చోటు పడియుండవచ్చును.

ఒక ఉదాహరణము తీసికొందురు గాక. దేవాలయపు గోడపై నున్న తెలుగు శాసనమునకు రెండు చిత్రములు దొరికినవనుకొనుడు. మొదటిదానిలో ఐదు పంక్తులు చదువవచ్చును. రెండవదానిలో సున్నపుపూత క్రింద మూడే కనబడుచున్నవి. రెండవ చిత్రములో 2017 నవంబరు తేదీయు స్థలమును ఉన్నవి. మొదటి చిత్రములో మెటాడేటా యేమియు లేదు. దాని ఫైలు పేరు మాత్రము 'ఐఎంజీ-20210305-డబ్ల్యూఏ0011' అనియున్నది. తొందరపడువాడు, 2017లో పూతయుండెను, 2021 నాటికి దానిని గీకివేసిరి, శాసనమిప్పుడు సుఖముగా నున్నది అని వ్రాసివేయును. అది పొరపాటు. వాట్సాప్‌లో చిత్రముగా పంపినదాని మెటాడేటా తుడిచివేయబడును. ఫైలు పేరులోని 2021 మార్చి 5 అనునది ఆ ఫోనునకు చిత్రము చేరిన దినము మాత్రమే. పంపినవారిని, వారికి పంపినవారిని అడిగి తుదకు తీసినవారిని పట్టుకొని, మూలమును డాక్యుమెంటు రూపమున తెప్పించినపుడు అందు 2014 అని యున్నదనుకొనుడు. ఇప్పుడు కథ తలక్రిందులైనది. పూత 2014కును 2017కును నడుమ పడినది. ఆ రెండు పంక్తులకు నేడు మొదటి చిత్రమే శరణ్యము. గోడమీద అవి మరల చదువ వీలగునో లేదో స్వయముగా పోయి చూచువరకు తెలియదు.

మెటాడేటా లేకపోవుట మోసమునకు గుర్తు కాదని దీనివలన తేలుచున్నది. ఫేస్‌బుక్ కూడ చాలభాగము తొలగించి, ఐపీటీసీ భాగమున 'ఎఫ్‌బీఎండీ' అను అక్షరములతో మొదలగు తన గుర్తును చేర్చును. అట్టి గుర్తు కనబడినచో చిత్రము ఆ మార్గమున వచ్చినదని తెలియును. ఇక మెటాడేటా యుండుటయు సత్యమునకు హామీ కాదు. పైన చెప్పిన ఎక్సిఫ్‌టూల్‌తోనే ఎవరైనను తేదీని మార్చవచ్చును. కాని మార్చువారు అన్ని చోట్లను మార్చుట మరతురు. ఫైలులో నుండు చిన్న నమూనా చిత్రము కొన్నివేళల పాతదే మిగిలిపోయి, కత్తిరించిన భాగమును బయటపెట్టును. ఎక్స్‌ఎంపీలో సవరణల చరిత్ర నిలిచియుండును. 2021లో అడోబీ, బీబీసీ, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ మున్నగు సంస్థలు సీ2పీఏ అను కూటమిగా నేర్పడి, చిత్రచరిత్రను సాంకేతిక ముద్రతో భద్రపరచు పద్ధతిని రూపొందించినవి. 2023లో లైకా ఎం11-పి ఆ ముద్రతో వచ్చిన మొదటి కెమెరా. అయినను ఇంటింట నున్న పాత చిత్రములకు ఆ ముద్ర యెక్కడిది?

తెలుగువారికి ప్రత్యేకముగా తగులు సంగతి యింకొకటి. ఎక్సిఫ్‌లోని వర్ణన, రచయిత పేరు అను గడులలో 2023 వరకు ఆంగ్లాక్షరముల సంకేతములకే నియమము. ఆ యేట వచ్చిన 3.0 సంచికతోనే ఇతర లిపులకు అనుమతి లభించినది. అంతకుముందు పట్టుపట్టి తెలుగులో వ్రాసినవారి వ్యాఖ్యలు మరియొక కంప్యూటరులో ప్రశ్నార్థకముల వరుసలై కనబడుట వింతకాదు. ఎక్స్‌ఎంపీలో తెలుగునకు మొదటినుండియు చోటు కలదు. కావున ఊరిపేరు, శాసనపాఠము, చెప్పినవారి వివరము అందు వ్రాయుట మేలు.

ఈ సమాచారమే హానియు చేయగలదు. 2012 డిసెంబరులో, పోలీసులు వెదకుచున్న జాన్ మెకాఫీ యొక్క ఛాయాచిత్రమును వైస్ పత్రిక ప్రకటింపగా, అందలి అక్షాంశ రేఖాంశములు అతడు గ్వాటెమాలాలో నున్నట్లు లోకమునకు చాటినవి. పాఠశాల వేడుకలలో పిల్లల చిత్రములను బహిరంగముగా పెట్టువారు స్థలవివరమును తొలగించి పెట్టవలెను. కాని తొలగించుట నకలునందే జరుగవలెను.

సంఘములు చిత్రములు సేకరించునపుడు మూల ఫైలును డాక్యుమెంటుగా గాని, పెన్‌డ్రైవులో గాని తీసికొని, దానిని మార్చకుండ రెండు చోట్ల దాచవలెను. చేరిన దినముననే దాని హాష్ సంఖ్యను లెక్కించి వ్రాసి పెట్టినచో, తరువాత ఒక్క అక్షరము మారినను తెలిసిపోవును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము ప్రకారము న్యాయస్థానమునకు ఇచ్చు ఎలక్ట్రానిక్ దాఖలా ధ్రువపత్రములోను ఆ సంఖ్యను అడుగుచున్నారు. స్కాను చేసిన పాత చిత్రమైనచో అట్ట వెనుకభాగమును గూడ స్కాను చేయవలెను. పెన్సిలు గీత యెంత మాసియున్నను, దానిని విడిచిపెట్టరాదు.