రవ్వ బలం ఎంత?

పాత అంబాసిడర్ మొరాయిస్తే మెకానిక్ ముందు చేసే పని ప్లగ్గు పీకడం. దాన్ని వైరుకు తగిలించి, ఇంజన్ ఇనుముకు ఆనించి, సెల్ఫ్ కొట్టమంటాడు. మొన దగ్గర రవ్వ మెరవగానే "కరెంటు వస్తోంది, పెట్రోలు సంగతి చూద్దాం" అంటాడు. ఆ తీర్పు చాలాసార్లు నిలవదు. ఎందుకో తెలియాలంటే ఆ రవ్వ పుట్టుక తెలియాలి.

తొలి కార్లలో రవ్వ పుట్టించడం పెద్ద అవస్థ. ఫోర్డ్ మోడల్ టి లో సిలిండరుకో కాయిల్ ఉండేది. అది వణుకుతూ వరసగా రవ్వలు కురిపించేది. అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్ నగరానికి చెందిన ఛార్లెస్ కెటరింగ్ ఈ జల్లును మానిపించి, సరైన క్షణాన ఒక్క బలమైన రవ్వ చాలన్నాడు. మిత్రుడు ఎడ్వర్డ్ డీడ్స్ ఇంటి కొట్టంలో మరికొందరితో కలిసి తయారుచేసిన ఆ పరికరాన్ని 1910 కాడిలాక్ కార్లలో వాడారు. తర్వాత అరవై ఏళ్లకు పైగా ప్రపంచంలోని పెట్రోలు కార్లలో ఎక్కువ భాగం ఆ పద్ధతిలోనే నడిచాయి. మన అంబాసిడర్ కూడా అంతే.

కాయిల్‌లో రెండు తీగచుట్లుంటాయి. లావు తీగది కొన్ని వందల చుట్లు, వెంట్రుకంత సన్నని తీగది వేల చుట్లు. రవ్వను ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో స్విచ్చులా పనిచేసే పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ లావు తీగలో కరెంటు పారి అయస్కాంత బలం పెరుగుతుంది. పాయింట్లు విడిపోగానే ఆ బలం ఒక్కసారిగా కూలి, సన్నతీగలో వేల వోల్టులు లేస్తాయి. పాయింట్ల మధ్య నిప్పు రాకుండా కండెన్సర్ కాపాడుతుంది. కండెన్సర్ చెడితే పాయింట్లు మాడతాయి, రవ్వా నీరసిస్తుంది.

ఇది ఉండేలు లాగి వదలడం లాంటిది, లాగడానికి కాస్త సమయం కావాలి. నిమిషానికి 3000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు సెకనుకు 100 రవ్వలు కావాలి. అంటే రవ్వకూ రవ్వకూ మధ్య సెకనులో నూరోవంతు. అందులోనూ మూడింట రెండు వంతులే పాయింట్లు కలిసి ఉంటాయి. వాటి సందు మరీ పెద్దదైతే ఆ కాస్త సమయమూ తగ్గుతుంది. నెమ్మదిగా బాగానే నడిచే బండి వేగమందుకోగానే మిస్సింగ్ కొట్టడానికి ఇదొక కారణం.

ఇక పరీక్ష సంగతి. గాలిని చీల్చి రవ్వ దూకడానికి కావలసిన వోల్టేజి, సందు వెడల్పుతోపాటు గాలి పీడనం మీదా ఆధారపడుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ పాషెన్ 1889లో చూపాడు. ప్లగ్గు సందు సుమారు 0.6 మిల్లీమీటర్లు. బయట దాన్ని దాటడానికి రెండు మూడు వేల వోల్టులు చాలు. సిలిండర్‌లో పెట్రోలు, గాలి మిశ్రమాన్ని ఏడెనిమిదో వంతుకు నొక్కితే అదే సందుకు దాదాపు పది వేలు కావలసి రావచ్చు. అందుకే నీరసపు కాయిల్ కూడా బయట మెరుస్తుంది, లోపల చేతులెత్తేస్తుంది. ప్లగ్గుతో చేసే పరీక్ష మీద నాకు నమ్మకం లేనిది ఇందుకే.

సరైన పద్ధతి సందు పెంచి చూడడం. సందు మార్చుకునే టెస్టర్లు దొరుకుతాయి. సెల్ఫ్ కొట్టినప్పుడు 5, 6 మిల్లీమీటర్ల ఖాళీని రవ్వ టపటపమంటూ తప్పకుండా దాటితే కాయిల్, కండెన్సర్ దాదాపుగా బాగున్నట్టే. సెల్ఫ్ మోటారు బ్యాటరీని లాగేస్తున్న ఆ సమయమే అసలు కష్టకాలం. నీలిరంగు రవ్వ బలమైనదని, పసుపుది బలహీనమని అంటారు. కానీ కాస్త దుమ్ము పడినా రంగు మారుతుంది, దాటిన దూరం అలా మోసం చేయదు. కాయిల్ దగ్గర బలంగా, ప్లగ్గు వైరు దగ్గర నీరసంగా ఉంటే డిస్ట్రిబ్యూటర్ మూత పగుళ్లు, రోటర్, తేమ చూడాలి. ఇంజన్ వేడెక్కాక మళ్లీ పరీక్షించాలి, ఎందుకంటే కొన్ని కాయిళ్లు వేడిలోనే ఓడిపోతాయి.

ఇది చేసేటప్పుడు కార్బురేటర్ దగ్గర పెట్రోలు ఆవిరి ఉండకూడదు. టెస్టర్‌ను ఇనుముకు గట్టిగా ఎర్త్ చేయండి. వైరును ఊరికే గాలిలో వేలాడదీయకండి. దూకే చోటు దొరకని వోల్టేజి కాయిల్ లోపలి ఇన్సులేషన్‌నే చీలుస్తుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి.